విందు రోజునే వాయిదా

జూరకాన్‌కు నలభై మూడేళ్ళు వచ్చేదాకా ఆమెను ఎవరూ ఏ శుభకార్యానికీ పిలవలేదు. ఆమె ఎరిగిన పిలుపులు వేరు. "జూరకాన్, ఆ దుప్పట్లు ఆరెయ్", "జూరకాన్, కొత్తగా వచ్చిన పిల్ల ఏడుస్తోంది, వెళ్ళి చూడు". పసితనంలోనే ప్రభుత్వ హోమ్‌లో చేర్చి, బుద్ధి తక్కువ మనిషి అని కాగితం మీద రాసేసిన ఆడదానికి, "మీరు రాకపోతే మాకు లోటు" అనే పిలుపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే పై అంతస్తులో ఉండే పెద్దావిడ కలీచా అపా తలుపు కొట్టి, తెల్లటి తలగుడ్డ సర్దుకుని, శుక్రవారం తమవాళ్ళ విందుకు రమ్మన్నప్పుడు జూరకాన్ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని.

"నన్నా అపా?"

"నిన్ను కాక నీ వెనకున్న గోడనా? నిన్నూ, ఆ కుర్చీ పిల్లనూ. మా మనవరాలు అడుగులేస్తోంది. పాప కాళ్ళ తాడు కోసే పండగ. శని ఆదివారాల్లో ఊరంతా పెళ్ళిళ్ళే, వంటవాడు దొరకలేదు. శుక్రవారం పదకొండింటికి మా అబ్బాయి ఇంటి దగ్గర. రాకపోయావో, నీ కోడిని నేనే కోసుకు తినేస్తా."

ఆ కోడి సంగతి చెప్పాలి. అసలు ఈ స్నేహం దాంతోనే మొదలైంది.

జూరకాన్, ఆమెకంటే చాలా చిన్నదైన సల్కిన్, ఇద్దరూ హోమ్‌నుంచి బయటికొచ్చి, సరస్సు దగ్గరి ఆ పట్టణంలో ఐదంతస్తుల భవనంలో కింది ఇంట్లో దిగారు. ఒక చిన్న సంఘం వాళ్ళకు ఆ ఇల్లు అద్దెకు తీసిచ్చింది. సల్కిన్ పుట్టినప్పటినుంచీ నడవలేదు, చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. మాట మెల్లగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది గానీ వచ్చిన ప్రతి ముక్కకీ కారం పూసి ఉంటుంది. రోజూ పొద్దున్నే గుల్బారా అనే ఆవిడ వచ్చి వాళ్ళకు తోడుగా ఉండేది. గుల్బారా ఉద్యోగం విచిత్రమైనది. వాళ్ళ పనులు ఆమె చెయ్యకూడదు, వాళ్ళు చేసుకుంటుంటే పక్కన ఉండాలి, అడిగితేనే సాయం చెయ్యాలి. స్వతహాగా ఆవిడ చేతులు ఊరికే ఉండే రకం కాదు. జూరకాన్ బూరెల్లాంటి బోర్సోక్‌లను నూనెలో మాడుస్తుంటే, గుల్బారా వంటింటి గుమ్మంలో నిలబడి తలగుడ్డ కొంగు పళ్ళమధ్య కొరుక్కుంటూ ఉండేది.

ఒక ఆదివారం జూరకాన్ పిండి తెస్తానని పశువుల సంత దారిన వెళ్ళి, పిండి మాట మరిచిపోయి, చంకలో టర్కీ కోడితో తిరిగొచ్చింది. గుల్బారా ఏదో అనబోయి, నోట్లోకి కొంగు కుక్కుకుంది.

"నిర్ణయం నాది," అంది జూరకాన్. బయటికొచ్చాక నేర్చుకున్న మాటల్లో ఆమెకు బాగా నచ్చినది అదే. పొద్దున లేచి నీలం సాక్సు వేసుకున్నా నిర్ణయం నాదే అనేది, టీలో జామ్ రెండోసారి వేసుకున్నా అదే అనేది.

టర్కీ కోడి బాల్కనీలో కాపురం పెట్టింది. తెల్లారకముందే అది అరుస్తుంటే భవనంలో ఐదు అంతస్తులూ లేచి కూర్చునేవి. వీళ్ళు దిగినరోజే "పిచ్చివాళ్ళను తెచ్చి పెట్టారు, గ్యాసు వదిలేసి అందర్నీ తగలెడతారు" అని వాకిట్లో నిలబడి అరిచిన కలీచా అపా, ఇప్పుడు చేతికి పని దొరికినట్టు విసవిసా కిందికి దిగొచ్చింది. తిట్టడానికి నోరు తెరిచి, బాల్కనీలోకి తొంగిచూసి, ఒక్కసారిగా ఆగిపోయింది.

"దీనికి ఉట్టి గోధుమలు వేస్తున్నావా? బుద్ధుందా?"

"లేదని హోమ్‌లో రాసిచ్చారు," అంది లోపలినుంచి సల్కిన్.

కలీచా అపా పల్లెలో టర్కీ కోళ్ళ మధ్య పెరిగిన మనిషి. ఆ పూట తిట్టడం మానేసి మేత గురించి చెప్పింది. మర్నాడు కోడికని విరిగిన పాలు గిన్నెలో తెచ్చింది. ఆ మర్నాడు టీ తాగి వెళ్ళింది. నెల తిరిగేసరికి విందుకు పిలిచింది.

పిలుపు వచ్చిన రోజు సాయంత్రమే లాయరు బెగాయిమ్ ఊపిరాడకుండా పరిగెత్తుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు నిండని పిల్ల, జూరకాన్‌ను ఎజే అని, అంటే అక్కా అని, గౌరవంగా పిలుస్తుంది. సంఘం తరఫున ఇలాంటివాళ్ళ కేసులే వాదిస్తుంది.

"జూరకాన్ ఎజే! వాయిదా వచ్చింది! శుక్రవారం పదకొండింటికి!"

జూరకాన్ కేసు ఇదీ. పద్దెనిమిదేళ్ళు నిండగానే కోర్టు ఆమెను అసమర్థురాలని తేల్చేసింది. అంటే ఆమె సంతకం సంతకం కాదు. ఉద్యోగంలో చేరడానికి, పెళ్ళి చేసుకోవడానికి, ఓటు వెయ్యడానికి ఆమెకు వీల్లేదు. ఆమె తరఫున అన్నీ నిర్ణయించే సంరక్షకుడు హోమ్ డైరెక్టరు తుర్దుబెక్. ఆయన ఫోన్ చేసి "మంచు పడేలోగా తిరిగొచ్చెయ్ తల్లీ, బయట తిరిగింది చాలు" అన్నాడు. ఆయన రమ్మంటే ఆమె వెళ్ళాల్సిందే. ఆ పాత తీర్పు కొట్టేయించడానికే బెగాయిమ్ పిటిషను వేసింది. సల్కిన్ మీదా అలాంటి తీర్పే ఉంది, ఆమె వంతు తర్వాత.

"శుక్రవారం కుదరదు," అంది జూరకాన్. "విందు ఉంది."

బెగాయిమ్ నవ్వింది. జూరకాన్ నవ్వకపోవడం చూసి ఆ నవ్వు సగంలో ఆపేసింది.

"ఎజే, ఇది కోర్టు. అది విందు."

"కోర్టు నన్ను పిలిచిందా, రమ్మని హుకుం వేసిందా?"

"హుకుమే అనుకోండి..."

"కలీచా అపా పిలిచింది. ఇంటికొచ్చి పిలిచింది."

"విందు ఏనాడన్నా చెప్పిన టైముకి మొదలవుతుందా ఎజే? పదకొండంటే రెండు. కోర్టుకెళ్ళి, అటునుంచటు విందుకెళ్దాం."

"ఆవిడ పదకొండంది." హోమ్‌లో గంట కొట్టాక బల్ల దగ్గరికి వస్తే గిన్నె ఖాళీ. పదకొండు అంటే రెండు అని నమ్మే మనసు జూరకాన్‌కి ఎప్పటికీ రాలేదు.

బెగాయిమ్ గుల్బారా వైపు చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు. గుల్బారా చేతులు వెనక్కి కట్టుకుంది.

"తన జీవితం గురించి తానే నిర్ణయించుకుంటుందని నువ్వే కదమ్మా పిటిషన్‌లో రాశావు," అంది సల్కిన్. "నిర్ణయించుకుంది. నీకే నచ్చలేదు."

బెగాయిమ్ చాలాసేపు బతిమాలింది, ఒకసారి ఏడవబోయింది కూడా. చివరికి ఓడిపోయి, "సరే, మీకు జ్వరమని చెప్పి వాయిదా అడుగుతా," అంది.

"జ్వరం లేదుగా. విందుకెళ్ళిందని చెప్పు."

"జడ్జిగారితోనా? విందుకెళ్ళిందనా?"

"అవును. అబద్ధం చెప్పకు. నా కేసు నాది."

శుక్రవారం పదకొండింటికి విందు జరిగే ఇంటి ముందు జూరకాన్, సల్కిన్, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. జూరకాన్ కొత్త ఎర్ర తలగుడ్డ కట్టుకుని, ఇస్త్రీ గౌను నలక్కుండా బిగుసుకుని నిలబడింది. ఇంట్లోవాళ్ళు ఇంకా గొర్రెను కోస్తున్నారు. కలీచా అపా చేతులకు పిండితో బయటికొచ్చి, వీళ్ళను చూసి కంగారుపడి, వెంటనే ఆ కంగారును పని కింద మార్చేసింది. "వచ్చారా? దేవుడు పంపినట్టు వచ్చారు. ఉల్లిపాయలు తరగండి!" అలా జూరకాన్ తన జీవితంలో మొదటి విందులో మొదటి మూడు గంటలూ ఉల్లిపాయలు తరిగింది. ఆమెకు అదేమీ తక్కువగా అనిపించలేదు. పక్కన ఆడవాళ్ళు ఎవరి కోడలు ఎవర్ని ఏమందో చెప్పుకుంటుంటే, ఆ మాటలన్నీ ఆమె వింటున్నట్టే, ఆమె కూడా అందులో మనిషే అన్నట్టే చెప్పుకున్నారు. ఒకావిడ మధ్యలో ఆపి, "నువ్వు చెప్పమ్మా, తప్పెవరిది?" అని అడిగింది కూడా. "అత్తదే," అంది జూరకాన్. ఆవిడకు ఆ జవాబు భలే నచ్చింది.

రెండు దాటాక జనం వచ్చారు. మాంసం ఉడికింది, పులిసిన గుర్రపు పాలు, కుమిస్, పోసిన గిన్నెలు చేతులు మారాయి. అప్పుడు అందరూ ఇంటి ముందు సందులోకి నడిచారు. సందు కొండవైపునుంచి కిందికి వాలుగా దిగుతుంది. దిగువన పాపను నిలబెట్టారు. నలుపు తెలుపు ఉన్ని కలిపి పేనిన తాడు దాని బుల్లి కాళ్ళకు కట్టారు. ఎగువనుంచి పరుగు పెట్టి ముందు చేరినవాళ్ళు ఆ తాడు కోస్తారు. పిల్లకు ఆ కోసినవాళ్ళ చురుకుదనం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆడపిల్ల గనక ఆడవాళ్ళ పందెం.

పందెం నడిపించే పెద్దమనిషి పాపకు మేనమామ వరస. తెల్ల టోపీ, ఎర్రటి బుగ్గలు, ఊరంతా వినపడే గొంతు. "రండి రండి! కాళ్ళున్నవాళ్ళంతా రండి!" అని అరుస్తున్నాడు.

"కాళ్ళున్నవాళ్ళంట," అంది సల్కిన్. "నాకు రెండున్నాయి. పద."

"పరిగెత్తాలి," అంది జూరకాన్.

"నువ్వు పరిగెత్తు. నేను కూర్చుంటా."

కోడళ్ళు, ఆడపడుచులు పక్కపక్కన నిలబడి గౌన్లు ఎత్తి పట్టుకున్నారు. చివరన కుర్చీ వచ్చి నిలబడింది. పెద్దమనిషి ఒక్క క్షణం తటపటాయించాడు. జనం ఆయన మొహం చూశారు. ఆయన టోపీ వెనక్కి నెట్టి, "ఏం, కుర్చీ పరిగెత్తకూడదని ఎవరు రాశారు?" అని చెయ్యి దించాడు.

ఎన్నో ఏళ్ళపాటు తడి దుప్పట్లు పిండిన చేతులు జూరకాన్‌వి. ఆమె తోసిన తోపుకు కుర్చీ బాణంలా పోయింది. సందు వాలు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సగం దూరం ఆమె కుర్చీని తోసింది. మిగతా సగం కుర్చీయే ఆమెను లాక్కుపోయింది. ఒక చెప్పు ఊడి ఎవరి గుమ్మంలోనో పడింది. ఎర్ర తలగుడ్డ మెడలోకి జారింది. సల్కిన్ గొంతు చించుకుని నవ్వుతోంది. అందరికంటే ముందు గీత దాటారు, పాపను దాటారు, చప్పట్లు కొడుతున్న ముసలాళ్ళను దాటారు, ఆపై పచ్చగడ్డి మోపుల్లోకి దూసుకుపోయి ఆగారు. కుక్క ఒకటి వాళ్ళ వెనక పరిగెత్తుకొచ్చి రెండో స్థానం సంపాదించింది.

నవ్వులు ఆగాక గొడవ మొదలైంది. కలీచా అపా వదినగారు పెదవి విరిచింది. "ఒక్కడుగు వెయ్యని పిల్లచేత నడక తాడు కోయిస్తారా? పాపకేమన్నా అయితే?"

ఎవరూ మాట్లాడలేదు. జూరకాన్‌కు ఆ మౌనం తెలుసు. హోమ్ వాళ్ళు బయట ఎక్కడికెళ్ళినా ఆ మౌనం వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

"నడిచానని నేనన్నానా?" అంది సల్కిన్, గడ్డిపోచలు జుట్టులోంచి తీసుకుంటూ, ఒక్కో మాట ఏరి పెడుతున్నట్టు. "గెలిచానా లేదా, అది చెప్పండి."

అందరూ పెద్దమనిషి వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "సాక్షిని విచారించాలి," అని జూరకాన్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "చెప్పమ్మా. గెలిచింది నువ్వా, ఆ పిల్లా?"

"చక్రం ముందు, నేను వెనక. గెలిచింది ఆ పిల్లే, బైకే," అంది జూరకాన్, ఆయన్ను అన్నా అని పిలిచే మాటతో. "కత్తెర ఆమెకివ్వండి. నాకు నా చెప్పు ఇప్పించండి."

"తీర్పు అయిపోయింది!" అని ఆయన చెయ్యెత్తాడు. "కత్తెర కుర్చీకి! చెప్పు సాక్షికి!"

సల్కిన్ చేతులు వణుకుతాయి. తాడు కత్తెరలో పడడానికి చాలాసేపు పట్టింది. పాప వంగి ఆమె జుట్టులో గడ్డి పీకుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ సాయం రాలేదు కూడా, గుల్బారా ఉంటే ఎంత సంతోషించేదో. తాడు తెగింది. పాప రెండడుగులు వేసి, కూలబడి, ఏడుపు లంకించుకుంది. కలీచా అపా ఆనందంతో మిఠాయిలు విసిరింది. అవి ఏరుకోవడంలో పాపనీ, వదినగారినీ అందరూ మరిచిపోయారు.

సరిగ్గా అప్పుడే బెగాయిమ్ వచ్చింది. నల్ల కోటు, చంకలో ఫైలు, మొహం నిండా చెమట.

"ఎజే, మన అదృష్టం బాగుంది! నేను నోరు విప్పే పనే లేకపోయింది. జడ్జి అసన్‌కుల్ గారికి రక్తపోటు పెరిగి మంచం పట్టారట. వాయిదా వాళ్ళే..."

ఆమె మాట అక్కడ ఆగింది. గడ్డి మోపుల పక్కన, తెల్ల టోపీ చేతపట్టుకుని, జూరకాన్ చెప్పు కోసం వెతుకుతున్న పెద్దమనిషిని ఆమె చూసింది. ఆయన కూడా ఆమెను చూశాడు. ఆ ఎర్రటి బుగ్గలు మెల్లగా తెల్లబడ్డాయి.

"జడ్జిగారూ," అంది బెగాయిమ్ నీరసంగా. "ఒంట్లో ఎలా ఉంది?"

"ఇప్పుడే... కొంచెం నయం," అన్నాడు అసన్‌కుల్.

జూరకాన్‌కు సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె గట్టిగా నవ్వింది. "మీకూ విందు ఉందని చెప్పొచ్చుగా బైకే! నేను చెప్పమన్నాను."

ఆయన వాళ్ళ ముగ్గుర్నీ టీ కాచే సమోవార్ వెనక్కి తీసుకెళ్ళి, తనే స్వయంగా గిన్నెల్లో టీ పోసి ఇచ్చాడు. గొంతు దించి మాట్లాడాడు. ఆ గొంతు దిగడం చూసి అటుగా పోతున్న బంధువులు ఆశ్చర్యపోయారు. "చూడమ్మా లాయరూ. ఈవిడను నేను కళ్ళారా చూశాను. తెలివి ఉంది, నిజాయితీ ఉంది, బలం కూడా ఉంది. సోమవారం తీర్పు రాసేస్తాను. ఈవిడ కోర్టుదాకా రానక్కర్లేదు. మనం ఇక్కడ కలిసిన మాట మాత్రం మనలోనే ఉండిపోనీ."

బెగాయిమ్ కళ్ళు మెరిశాయి. ఆ పిల్ల ఎన్ని కేసులు ఓడిపోయిందో జూరకాన్‌కు తెలుసు. ఒప్పుకోమని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. జూరకాన్ టీ గిన్నెలోకి చూసుకుంది. హోమ్‌లో డైరెక్టరుగారి గది గుర్తొచ్చింది. అక్కడా ఇలాగే టీ ఉండేది. తలుపు వేసి ఉండేది. లోపల పెద్దవాళ్ళు గొంతు దించి మాట్లాడుకునేవారు, బయటికొచ్చి "జూరకాన్, నీ మంచం రెండో అంతస్తుకి మార్చాం" అనేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కొన్నిసార్లు మంచి మంచమే ఇచ్చారు.

"వద్దు బైకే," అంది.

"వద్దా?"

"నా గురించి టీ దగ్గర తేల్చకండి. కోర్టులో తేల్చండి. నేనొస్తాను. నా పేరు, మా నాన్న పేరు చెప్పడం ప్రాక్టీసు చేశాను."

బెగాయిమ్ నెత్తి పట్టుకుంది. సల్కిన్ మాత్రం తన గిన్నె ముందుకు చాచి, "ఇంకొంచెం పొయ్యండి జడ్జిగారూ," అంది.

అసన్‌కుల్ ఆ గిన్నె నింపాడు. విందులో పక్కన కూర్చుని కలిసి తిన్న మనిషి కేసు తను చూడకూడదనీ, తప్పుకుంటున్నాననీ సోమవారం రాసిచ్చాడు. రక్తపోటు సంగతి కూడా పైవాళ్ళకు చెప్పుకున్నాడో లేదో గానీ, కొన్నాళ్ళపాటు ఆయన గొంతు కాస్త తగ్గిందని ఊళ్ళో అనుకున్నారు.

కేసు జడ్జి సలీమా దగ్గరికి పోయింది. ఆమె పేరు వింటేనే బెగాయిమ్‌కు ఆకలి చచ్చిపోయింది. "నవ్వదు ఎజే ఆవిడ. లాయర్లు దగ్గినా లెక్క రాసుకుంటుంది. కోర్టులో మీరు నవ్వొద్దు. కోడి మాట ఎత్తొద్దు. నిర్ణయం నాది అని అనొద్దు."

"మరి ఏమనాలి?"

"అడిగినదానికి జవాబు."

మంచు పడేలోగానే వాయిదా వచ్చింది. ఆ రోజు విందులేమీ లేవు. జూరకాన్ టైముకంటే ముందే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. డైరెక్టరు తుర్దుబెక్ కూడా వచ్చాడు, సంరక్షకుడి హోదాలో. జూరకాన్ కంటే చిన్నవాడైనా అందర్నీ "బిడ్డా, తల్లీ" అంటాడు. జేబులో ఎప్పుడూ పెద్ద రుమాలు ఉంటుంది, ఎందుకంటే ఆయనకు ఏడుపు ఇట్టే వస్తుంది.

జడ్జి సలీమా సన్నగా, చలికాలం చెట్టులా ఉంది. ముందు డైరెక్టర్ని మాట్లాడమంది.

"ఈ తల్లి బయట బతకలేదండీ," అని మొదలుపెట్టాడాయన. "పిండికని వెళ్ళి టర్కీ కోడిని కొంది. కింది అంతస్తు బాల్కనీలో పెంచుతోంది. తెలివున్న మనుషులు చేసే పనేనా అది?"

"ఎందుకు కొన్నావు?" అని జడ్జి జూరకాన్‌ను అడిగింది.

కోడి మాట ఎత్తొద్దన్న బెగాయిమ్ వైపు జూరకాన్ చూసింది. బెగాయిమ్ కళ్ళు మూసుకుంది. అడిగినదానికి జవాబు చెప్పాలి కదా అని జూరకాన్ చెప్పేసింది. "అందంగా ఉందండి. మెడ ఎర్రగా, ఊగుతూ. ఇంటికి తెచ్చాక తెలిసింది అరుస్తుందని. తెలిసుంటే బాతును కొనేదాన్ని."

జడ్జి ఏదో రాసుకుంది. నవ్వలేదు. "పొరపాటు చేశానంటావా?"

"చేశానండి. కానీ దాన్ని వదులుకోను. అలవాటైంది."

డైరెక్టరు రుమాలు తీశాడు. ఇక ఆయన్ను ఆపడం ఎవరివల్లా కాలేదు. "అమ్మా, దీన్ని నేను కన్నబిడ్డలా చూసుకున్నాను. ఇది వెళ్ళినప్పటినుంచీ మా హోమ్ హోమ్‌లా లేదు! దుప్పట్లు తడితడిగా వస్తున్నాయి. వంటింట్లో పిండి పొంగడం లేదు, ఎవరు కలిపినా రాయిలా ఉంటోంది. కొత్త పిల్లలొస్తే రాత్రంతా ఏడుపే, వాళ్ళను ఊరుకోబెట్టడం ఒక్కరికీ చేతకాదు. ఇది ఉండగా మందుల వేళ ఒక్కనాడు తప్పలేదు, నర్సులు దీన్ని అడిగి ఇచ్చేవాళ్ళు. కొత్తగా ఇద్దర్ని జీతానికి పెట్టుకున్నా, వాళ్ళు ఈమె పనిలో సగం చెయ్యలేకపోతున్నారు! దీన్ని మాకు తిరిగిచ్చెయ్యండమ్మా!"

జడ్జి కలం కింద పెట్టింది.

"మీరు చెప్తున్నది ఎవరి గురించి?"

"దీని గురించే. మా జూరకాన్ గురించి."

"అసమర్థురాలైన జూరకాన్ గురించి?"

"అవునమ్మా," అన్నాడాయన. ఆ మాట నోట్లోంచి వచ్చాక రుమాలు మొహం దగ్గరే ఆగిపోయింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, ఆ తర్వాత మెడ. జూరకాన్‌కు తన కోడి గుర్తొచ్చి నవ్వు ఆపుకోవడం కష్టమైంది. నవ్వొద్దన్నారు కనక చెంపలు లోపలికి పీల్చుకుని పైకప్పు చూసింది. బెగాయిమ్ తను రాత్రులు కూర్చుని రాసుకొచ్చిన వాదన అంతా మెల్లగా ఫైల్లో పెట్టేసుకుంది.

"వాళ్ళిద్దరికీ జీతం ఇస్తున్నారు. ఈవిడకు ఇచ్చేవారా?" అడిగింది జడ్జి.

డైరెక్టరు రుమాలు మడతపెట్టాడు. బహుశా ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. ఆయన జూరకాన్ వైపు చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఏడుపు నిజంగా ఉంది.

"చివరగా ఒకటి," అంది జడ్జి జూరకాన్‌తో. "సంరక్షకుడు లేకపోతే, తోచని సంగతి వచ్చినప్పుడు ఎవర్ని అడుగుతావు?"

"గుల్బారాను అడుగుతానండి. ఆవిడ చెప్తుంది. నాకు కోపమొస్తుంది. తర్వాత సగంసార్లు ఆవిడ చెప్పినట్టే చేస్తాను. లెక్కలు సల్కిన్‌ను అడుగుతాను. కోడి గురించి కలీచా అపాను. కోర్టు గురించి ఈ పిల్లను," అని బెగాయిమ్‌ను చూపించింది. "కానీ ఈ పిల్ల ఊరికే భయపడుతుంది."

జడ్జి సలీమా పెదవుల చివర ఏదో కదిలింది. "నేను మా అక్కను అడుగుతాను. నాకూ కోపమొస్తుంది," అంది. గుమాస్తా తలెత్తి చూశాడు, ఇన్నేళ్ళలో ఆవిడకు అక్క ఉందని ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చింది. పాత తీర్పు కొట్టేశారు. జూరకాన్ ఇకనుంచి తన సంగతులు తానే చూసుకునే మనిషి. గుమాస్తా కాగితం ముందుపెట్టి సంతకం చెయ్యమన్నాడు. ఆమె పేరు రాసింది. పేరు పొడవు ఎక్కువై గీత దాటి అంచుదాకా పోయింది. గుమాస్తా ఏమన్నా అంటాడేమోనని ఆగింది. అతను సిరా అద్ది పక్కన పెట్టేశాడు, రోజూ అందరివీ పెట్టినట్టే. ఆమెకు ఒళ్ళు ఝల్లుమన్నది అప్పుడు.

మెట్ల మీద డైరెక్టరు నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పుతున్నాడు.

"జూరకాన్... అంటే, జూరకాన్ ఎజే." ఆ పిలుపు ఆయన నోట్లో కొత్తగా కుట్టిన చెప్పులా ఇరుకుగా ఉంది. "ఉద్యోగానికి రాకూడదా? జీతం మీద. అందరికీ ఇచ్చినట్టే ఇస్తాను. సాయంత్రం మీ ఇంటికి మీరు వెళ్ళిపోవచ్చు."

బెగాయిమ్ నోరు తెరిచి, వెంటనే మూసుకుంది. గుల్బారా దగ్గర నేర్చుకున్నట్టుంది, చేతులు కూడా వెనక్కి కట్టుకుంది.

జూరకాన్ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. జాలి వేసింది, కోపం వచ్చింది, రెండూ ఒకేసారి. కొత్తగా వచ్చిన పిల్లలు రాత్రంతా ఏడుస్తున్నారన్న మాట కూడా గుండెలో ఎక్కడో గుచ్చుకుంటోంది.

"ఆలోచించి చెప్తాను," అంది.

"ఎప్పటికి చెప్తారు?"

"ఆలోచన అయ్యాక."

చాలా రోజులే ఆలోచించింది. రోజూ టీ దగ్గర ఆ సంగతి తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పక్కన పెట్టేది. గుల్బారా ఒక సలహా ఇచ్చింది, సల్కిన్ దానికి ఎదురు సలహా ఇచ్చింది, కలీచా అపా ఇద్దర్నీ తిట్టింది. చివరికి జూరకాన్ డైరెక్టరుకు ఫోన్ చేసి, దుప్పట్లు ఉతకననీ, పిండి కలపననీ, కానీ వారానికి రెండు సాయంత్రాలు వచ్చి కొత్త పిల్లల దగ్గర కూర్చుంటాననీ, దానికి జీతం ఇవ్వాలనీ, రానూ పోనూ బండి పంపాలనీ చెప్పింది. ఆయన అన్నిటికీ సరేనన్నాడు, బండి దగ్గర మాత్రం కాస్త గునిశాడు.

ఆ నెలలోనే సల్కిన్ కూడా తన మీది తీర్పు కొట్టెయ్యమని పిటిషను వేసింది. బెగాయిమ్ రాసిన మాటలు నచ్చక, మూడుసార్లు కొట్టేయించి, తనే మెల్లగా, ఒక్కో ముక్కా చెప్పి రాయించుకుంది. మధ్యలో కలం ఆపి బెగాయిమ్, జడ్జిగారిని ఇన్ని మాటలనకూడదంది. "అవి జడ్జిగారి గురించి కాదు," అంది సల్కిన్, "నీ గురించి. రాయి."

బెగాయిమ్ రాసింది.